చెయ్యి తిరగలేదన్న మాట

అమెరికాలోని చాండ్లర్‌లో ఉన్నప్పుడు, తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుందామని రీలోడింగ్ ప్రెస్ కొని గరాజ్‌లో బిగించాను. తూటా అడుగున పెట్టే ప్రైమర్ బిళ్ళ ఎంతకీ పూర్తిగా దిగేది కాదు. కంపెనీకి మూడు ఫిర్యాదులు రాశాను. నాతో షూటింగ్ రేంజ్‌కి వచ్చే స్నేహితుడు ఒక శనివారం వచ్చి చూశాడు.

"ప్రెస్ బాగానే ఉంది బావా. నీకే ఇంకా చెయ్యి తిరగలేదు."

మా ఆవిడ నవ్వింది. ఆ తర్వాత అతను ఎన్నిసార్లు ఫోన్ చేసినా నేను తియ్యలేదు.

హ్యాండిల్‌ని చివరిదాకా తొయ్యకుండా నేనే మధ్యలో ఆపేస్తున్నానని ఏడాదికి తెలిసింది. అప్పటికి అతను వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు రేంజ్‌కి ఒక్కణ్ణే వెళ్తున్నాను. తప్పు నాదేనని చెబుదామని అతని నంబర్ తీస్తాను. అంతలో మా ఆవిడ నవ్వు గుర్తొస్తుంది.