మాస్టారి కొమ్ములు

నేను చేసిన ఘనకార్యాల్లోకెల్లా ఘోరమైనదొకటి చెప్తా, వినండి. విన్నాక తిట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నన్ను నేను తిట్టుకోవడం ఇప్పటికీ మానలేదు.

అరవైల్లో మాట. నందిగామలో మా ఇంటి ముందుగదిలోనే నాకో ఫోటో స్టూడియో ఉండేది. రెండు కెమెరాలు, నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని తీసే పెద్ద చెక్కపెట్టెలు. రెండూ అచ్చం ఒకేలా ఉండేవి. ఒక్కోదాంట్లో ఒక్క ఫిల్మే పడుతుంది. ఫోటో తీశాక చీకటిగదిలో దాన్ని బయటికి తీసి కడిగి, కొత్తది పెట్టుకోవాలి. తీసినదాని మీదే మళ్ళీ తీస్తే రెండు బొమ్మలూ ఒకదాని మీదొకటి పడతాయి. మరి దేంట్లో కొత్తదుందో, దేంట్లో తీసేసిందుందో పైకి తెలిసేదెలా? తెలివైనవాళ్ళు కాగితమ్ముక్క మీద రాసి అంటిస్తారు. నేను అంతకంటే తెలివైనవాణ్ణి కదండీ! కొత్త ఫిల్ము పెట్టగానే కెమెరాకి కుంకుమ బొట్టు పెట్టేవాణ్ణి, ఫోటో తియ్యగానే తుడిచేసేవాణ్ణి. ఈ ఉపాయం కనిపెట్టినందుకు రెండేళ్ళపాటు నాలో నేనే తెగ మురిసిపోయా.

జగ్గయ్యపేటలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారొకాయన ఉండేవారు. ఏడో తరగతిలో ఆయన బొమ్మ బోర్డు మీద గీసి, తలకి రెండు కొమ్ములు పెట్టా. రెండో కొమ్ము కొస దిద్దుతుండగా ఆయన లోపలికొచ్చారు. కొట్టలేదు, వారం రోజులు బెంచీ ఎక్కించారు. నాకు లెక్కలు రావని, బొమ్మలొచ్చని తెలిసి, తర్వాత నన్ను ఫోటోల పనిలో పెట్టించిందీ ఆయనే. నేను నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆయన చలవే.

ఆయన రిటైరయ్యారు. పండక్కి పాత విద్యార్థులంతా ఊళ్ళో ఉంటారని, దసరా మర్నాడు సన్మానం పెట్టారు. మాస్టారు పనిగట్టుకుని నా స్టూడియోకొచ్చారు.

"ఒరేయ్, పుట్టి ఇన్నేళ్ళయినా ఒక్క ఫోటో దిగలేదురా. దిగితే నీ చేత్తోనే దిగాలని ఆగా. ఒక్కటి చాలు."

"గోడకి తగిలించారంటే ఊరంతా వచ్చి చూడాలి మాస్టారూ!" అన్నా రొమ్ము విరుచుకుని.

దసరా ముందురోజు వీరులపాడు రైతొకాయన పందెంలో గెలిచిన నల్లెద్దుని తోలుకొచ్చాడు. "మొహం దగ్గరగా తియ్యండి, కొమ్ములు బాగా పడాల" అన్నాడు. తీసా. బొట్టు తుడిచేసా. కడగడం పండగయ్యాక చూద్దాంలే అని ఆ ఫిల్ముని కెమెరాలోనే వదిలేసా.

మర్నాడు ఆయుధపూజ. మా ఆవిడ రాజ్యం కత్తిపీట, కుట్టుమిషను, సైకిలు, ఇంట్లో ఉన్న సమస్తానికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. నేను పూర్ణాలు మెక్కి పడుకున్నా.

ఆ మర్నాడు పొద్దున బస్సు టైమైపోతోంది. స్టూడియోలోకి పరిగెత్తి చూద్దును కదా, రెండు కెమెరాలకీ బొట్లున్నాయి. అవి పండగ బొట్లని ఈ బుర్రకి తట్టిందా? తట్టలేదు. "రెండూ సిద్ధంగానే ఉన్నాయే" అని సంతోషించా కూడానూ! చేతికందింది పట్టుకుని బస్సెక్కా.

సన్మానంలో మాస్టారు కొత్త పంచె కట్టి, బంతిపూల దండ వేసుకుని కుర్చీలో కూర్చున్నారు.

"నవ్వండి మాస్టారూ!"

"నాకు చేతకాదురా."

"కొంచెం!"

నవ్వారు. తీసా.

ఇంటికొచ్చి కడిగి, కాగితం మీద అచ్చు వేసి చూశా. మాస్టారు చక్కగా నవ్వుతున్నారు. ఆయన నెత్తి మీంచి రెండు కొమ్ములు, ఇటొకటి అటొకటి, వాడిగా పైకి లేచి ఉన్నాయి.

"రాజ్యం! కెమెరాకి బొట్టెవరు పెట్టమన్నారు?"

"ఒకదానికి ఉండి రెండోది బోసిగా ఉంటే బాగుంటుందాండీ? మనకి అన్నం పెట్టేవి! పెట్టకూడదని మీరెప్పుడైనా చెప్పారా?"

చెప్పలేదు. నా తెలివితేటల రహస్యం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పోనీ, పొరపాటంటే ఊళ్ళో ఎవరు నమ్ముతారు? బోర్డు మీద కొమ్ములు గీసినవాణ్ణి నేనే కదా!

మర్నాడు బందరులో కూతురింటికి వెళ్తూ మాస్టారు నందిగామలో దిగారు. ఫోటో చెడిపోయిందని అబద్ధం చెప్దామనుకున్నా. అదేమో తీగకి వేలాడుతూ ఆయనకి ఎదురుగానే ఆరుతోంది. కళ్ళజోడు తగిలించుకుని చాలాసేపు చూశారు.

"ఏరా," అన్నారు మెల్లగా, "బెంచీ ఎక్కించిన కోపం ఇంకా పోలేదా?"

తిట్టినా బాగుండేదండీ! సిగ్గుతో చచ్చిపోయా. కాళ్ళు పట్టుకుని ఎద్దు సంగతి, బొట్టు సంగతి, పూర్ణాలతో సహా అన్నీ చెప్పేసా. రాజ్యం వచ్చి సాక్ష్యం చెప్పింది. ఆయన పెదాలు కదిలాయి. తర్వాత భుజాలు కదిలాయి. దగ్గొచ్చేదాకా నవ్వారు.

"అప్పుడు చాక్‌పీసుతో గీశావు. ఇప్పుడు ఏకంగా ఎద్దునే తెచ్చి పెట్టావు. వృద్ధిలోకొచ్చావురా!"

"ఇంకొక్కటి తీస్తా మాస్టారూ, పోస్టులో పంపిస్తా" అని బతిమాలి, రెండో కెమెరా ముందు కూర్చోబెట్టా. నల్లగుడ్డలో తల దూర్చానో లేదో, "ఆగాగు" అన్నారు. "ఇందులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు మాస్టారూ!"

"చూసుకుని చెప్పు."

కెమెరాని చీకటిగదిలోకి తీసుకుపోయి, కొత్త ఫిల్ము పెట్టుకునొచ్చి చెప్పా. అప్పుడు నవ్వారు.

వెళ్ళేటప్పుడు మాత్రం కొమ్ముల ఫోటోనే అడిగి తీసుకున్నారు. దాని వెనక "చూసుకోకుండా తీసితిని" అని నా చేత రాయించి, సంతకం కూడా పెట్టించుకున్నారు.

ఆ క్షణాన, ఆ రెండు కొమ్ముల సాక్షిగా ఒట్టేసా: ఈ కంఠంలో ప్రాణముండగా కెమెరాకి బొట్టు పెట్టను, కాగితం మీద రాసే అంటిస్తా. ఇవాళ్టిదాకా ఆ ఒట్టు తప్పలేదు. ఏటా దసరాకి రాజ్యం మాత్రం బొట్టు పెడుతూనే ఉంది, సరిగ్గా ఆ కాగితమ్మీద నేను రాసిన అక్షరాల మీద.