సందులన్నీ బంద్

అగరొత్తుల వాసన తగిలితే నాకు దేవుడి కంటే ముందు ఖాజా భాయ్ గుర్తొస్తాడు. తొర్రూరులో ఒక సేటు మిరపకాయల కోసం కట్టించిన కోల్డ్ స్టోరేజీకి ఆయన మేస్త్రీ. నేను డిప్లొమా చదివి కొత్తగా చేరిన ఇంజనీరమ్మను. ఆడపిల్లకు సైటు పనేందన్న బాపుతో కొట్లాడి మరీ చేరాను. గోడలకు థర్మోకోల్ పలకలు అతికించడం ఏం పెద్ద విద్య అనుకునేదాన్ని. "పలకలు గాదు బిడ్డా, పలకల నడుమ సందులు జూడాలె. చల్లదనం గాడ్నుంచే పారిపోతది" అనేవాడు ఖాజా భాయ్.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. ఒక పొద్దున ఆయన జనగామలో వేరే పనికి పోతూ, కదిలిన బస్సు కిటికీలోంచి మాకు కేకేశాడు: "సందులన్నీ ఇయ్యాలనే బంద్ గావాలె! ఒక్కటి గూడ ఇడువొద్దు!"

మావాళ్లు తాపీలు కింద పడేశారు. సందు సందూ తిరిగి బంద్ అని చెప్పారు. పిలుపు ఎవరిదని ఎవరూ అడగలేదు. అరగంటలో బజారంతా మూతపడింది, సేటు కూడా దుకాణం షట్టరు దించాడు. నేనైతే నడిరోడ్డు మీద కూర్చుని గొంతు పోయేదాకా జై తెలంగాణ అన్నాను. మర్నాడు అందరం వచ్చి పలకల మీద రేకులు బిగించాం. "అంతా అయిపోయింది" అని సేటుకు ధీమాగా చెప్పాను.

మిషన్ వేసిన రోజు గది చల్లబడలేదు. బయటి గోడ మూలన చెమట పట్టింది, నాకు అంతకంటే ఎక్కువ పట్టింది. "రేపటి సంది ఈ పిల్ల రావద్దు" అన్నాడు సేటు. బాపు ముఖం కళ్ల ముందు మెదిలి నాకు ఏడుపొచ్చింది.

కబురందుకుని ఖాజా భాయ్ వచ్చాడు. లోపలికి పోయి అగరొత్తి వెలిగించి, గోడ వెంట మెల్లగా నడిచాడు. పూజ అనుకుని సేటు చెప్పులు విడిచి చేతులు జోడించాడు. నిటారుగా లేస్తున్న పొగ ఆ మూలన వంకర తిరిగింది. రేకు ఊడదీస్తే నా అరచెయ్యి దూరేంత సందు!

"బంద్ జెయ్యమని చెప్పి పోయిన గద?"

"చేసినం భాయ్. తొర్రూరంత చేసినం."

ఆయన నేల మీద చతికిలబడి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తర్వాత లేచి, "తప్పు నాది సేటూ. నోటితోని చెప్పి పోయిన, నిలవడి జూడలే. ఈ పిల్లనేమనకు" అన్నాడు. నా ఉద్యోగం నిలిచింది. బయటికి వచ్చాక మాత్రం గొంతు తగ్గించి అడిగాడు: "అయిపోయిందన్నవట. జూసి చెప్పినవా బిడ్డా?"

తిట్టినా అంత సిగ్గనిపించేది కాదు.

అప్పటి నుంచి నా సంచిలో అగరొత్తుల కట్ట ఉంటుంది. సైట్లలో నన్ను మహా భక్తురాలనుకుంటారు. నిన్న ఒక కాంట్రాక్టరు "అంతా అయిపోయింది మేడమ్" అన్నాడు.

"చూసి చెబుతున్నారా?" అంటూ అగ్గిపుల్ల గీశాను.

ఆయన గబగబా చెప్పులు విడిచాడు.