ఉత్తపిలుపు సమోసాలు

మా దవాఖానలో ఒక దిక్కుమాలిన ఆచారం ఉండేది. దెబ్బలు తగిలిన పిల్లలు వస్తే ట్రామా టీమును పిలవాలా వద్దా అన్నది క్యాజువాలిటీలో ఉన్నవాళ్లే తేల్చాలి. పిలిస్తే సర్జను, మత్తు డాక్టరు, స్కానింగువాళ్లు చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొస్తారు. తీరా చూస్తే ఏమీ లేకపోతే అది ఉత్తపిలుపు. పిలిచినవాళ్లు మట్టెవాడ నుంచి అందరికీ సమోసాలు తెప్పించాలి. వాటితోపాటు నెలంతా ఎగతాళి. ఎప్పుడు పిలవాలో రాసిన కాగితం గోడకు అంటించే ఉంది. అంత చదువు చదివిన మహానుభావులు దాని వైపు కన్నెత్తి చూడరు.

నేను అక్కడ పద్దెనిమిదేళ్లుగా నర్సును. ఒక మధ్యాహ్నం కొత్తవాడ నుంచి ఒక ముసలమ్మ ఆరేళ్ల మనవరాలిని ఎత్తుకొని వచ్చింది. జంపఖానాల కోసం రంగేసిన నూలు డాబా మీద ఆరేస్తుంటే, పిల్ల పిట్టగోడ మీంచి కింద పడిందట. ఒంటి మీద గీతలు తప్ప ఏమీ కనిపించలేదు.

"జర్రంత గూడ ఏడుస్తలేదు బిడ్డా, మంచిగనే ఉన్నది," అంది ముసలమ్మ.

డ్యూటీ డాక్టరుకు ఆ మాటే చాలింది. బీపీ చూశాడు, నార్మల్. పక్క మంచం మీద మోచేయి విరిగిన ఇంకో పిల్ల కప్పు ఎగిరేలా ఏడుస్తుంటే అటు పోయాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఏడవందే మా డాక్టరు చూడడు.

నేను పిల్ల చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నాడి లెక్కకు అందనంత వేగంగా కొట్టుకుంటోంది. పిల్లల ఒళ్లు మొండిది. లోపల రక్తం పోతున్నా బీపీని చివరిదాకా పడనివ్వదు, పడిందంటే అప్పటికే ఆలస్యం. ఆ సంగతి గోడ మీది కాగితంలోనూ ఉంది. డాక్టరుకు చెప్పాను. పది నిమిషాలు చూద్దామన్నాడు. మొన్ననే సమోసాలు తెప్పించాడు పాపం.

నా సంగతి కూడా చెప్పాలి. టీమును నర్సు కూడా పిలవచ్చు. ఫోను నా పక్కనే ఉంది. కిందటి నెల నా ఉత్తపిలుపుకు అందరూ నవ్విన నవ్వు గుర్తొచ్చి, ఆయన్ని మనసులో తిట్టుకుంటూ ఆ పది నిమిషాలూ నేనూ నిలబడ్డాను.

"బాపమ్మా, నిద్రొస్తాంది," అంది పిల్ల. అప్పుడు ఎత్తాను ఫోను.

ప్లీహం పగిలి కడుపు నిండా రక్తం చేరిందన్నారు. ఆపరేషన్ చేశారు, బతికింది. ఎప్పుడు పిలిచారని సర్జను అడిగితే, రాగానే పిలిచామన్నాడు డ్యూటీ డాక్టరు. సిగ్గులేని మనిషి. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు.

డిశ్చార్జి రోజు ముసలమ్మ ఒక పొట్లం తెచ్చింది. మట్టెవాడ సమోసాలు. మా ఆచారం ఆమెకేం తెలుసు.

"నువ్వు జల్ది పిలిచినవట గద బిడ్డా, తిను," అని ఒకటి నా చేతిలో పెట్టింది.

డాక్టరు రెండు తిన్నాడు. నా చేతిలోది అలాగే చల్లారిపోయింది.