పెళ్ళికూతురి గదిలో పెట్టిన బొట్టు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదనే అంటాను. మా ఆయన కన్నుమూసిన గదిలోనే ఇన్నేళ్ళుగా ఒక్కదాన్నే పడుకుంటున్నాను. ఒక నీడ కదిలింది లేదు, ఒక చప్పుడు వినిపించింది లేదు. ఏదైనా కనిపిస్తే బాగుండునని ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. నాకు మతి పోయిందని మీరనుకున్నా సరే, జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

మాది కాశిబుగ్గ. ఆయన పోయాక జాకెట్లు కుట్టి నా కూతురు మౌనికను చదివించాను. సంబంధం కుదరగానే, కన్యాదానానికి పీటల మీద మా మరిది, తోడికోడలు కూర్చుంటారని పెద్దలు తేల్చేశారు. భర్త లేనిదాన్ని, నన్నెవరు అడుగుతారు? మౌనిక మాత్రం మొండికేసింది.

"పీటల మీద మీరే కూసోండ్రి చిన్నాయనా. మా అమ్మ మాత్రం స్టేజీ మీద నా పక్కకే ఉండాలె" అంది.

మరిది సరేనన్నాడు. ఆ ఒక్క మాట కోసం నేను మిగతా అన్నింటికీ తలూపాను.

సుబేదారి వైపు ఒక ఫంక్షన్ హాలు ఉందంటే చూడడానికి మరిది, తోడికోడలు, నేను ముగ్గురం వెళ్ళాం. మంచి ఎండవేళ. మేనేజర్ మా కోసమే తాళాలు తీశాడు. మరిది పార్కింగ్ గురించి, ఏసీల గురించి వివరాలు అడుగుతున్నాడు. తోడికోడలు భోజనాల హాలు చూస్తోంది. నేను స్టేజీ ఎక్కి, నా బిడ్డ పక్కన ఎక్కడ నిలబడితే అడ్డం కాకుండా ఉంటానో చూసుకున్నాను. తర్వాత పెళ్ళికూతురి గది చూద్దామని ఒక్కదాన్నే పైకి వెళ్ళాను.

గదిలో ఒక పెద్దావిడ ఉంది. పచ్చంచు నేత చీర, చేతినిండా గాజులు. హాలు వాళ్ళ మనిషే అనుకున్నాను. నన్ను చూసి దగ్గరికి వచ్చి, ఎడమచేత్తో నా గడ్డం పట్టుకుంది.

"బిడ్డ లగ్గం పెట్టుకోని గిట్ల వట్టి నొసలుతోని తిరుగుతవా అవ్వా?" అని కుంకుమ బొట్టు పెట్టింది.

వద్దనాలని కూడా నాకు తోచలేదు. ఎన్నేళ్ళయిందో ఒకరు నా నుదురు తాకి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని చూసేసరికి గదిలో ఎవరూ లేరు. బాత్రూములోకి వెళ్ళిందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ సంతోషంలో బొట్టు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా కిందికి వచ్చేశాను.

తోడికోడలు నా ముఖం చూసి ఆగిపోయింది.

"స్టేజీ ఎక్కనిస్తమనంగనే బొట్టు గూడ వెట్టుకున్నవా అక్కా?"

జరిగింది చెప్పాను. మేనేజర్ బిత్తరపోయాడు. "పైన ఎవ్వలు లేరమ్మా, ఇప్పుడే గద తాళం తీసింది" అన్నాడు. అందరం పైకి వెళ్ళాం. బాత్రూము ఖాళీ. మరో తలుపు లేదు, కిటికీలకు ఊచలు. మేనేజర్ తన ఫోనులో వరండా కెమెరా తీసి చూపించాడు. అందులో నేను వట్టి నుదుటితో ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను, బొట్టుతో ఒక్కదాన్నే బయటికి వచ్చాను. అంతే.

నా బ్యాగు తీసి బల్ల మీద బోర్లించాను. కళ్ళజోడు, కొలతల టేపు, ఆడవాళ్ళకు ఉచితమని బస్సులో ఇచ్చిన జీరో టికెట్టు. కుంకుమ పొట్లం ఏదీ లేదు. ఉంటే కదా దొరకడానికి! అయినా వాళ్ళ ముఖాల్లో అనుమానం పోలేదు. మరిది నా వైపు చూడకుండా, "తుడుసుకో వదినా, మంది జూస్తే ఇజ్జత్ పోతది" అన్నాడు. నా చెయ్యి లేవలేదు. తోడికోడలే నా కొంగు పట్టుకుని నుదురు మంట పుట్టేదాకా రుద్దింది. కాలి బూడిదైన మనిషి కోసం బతికున్నదాన్ని ఇంకా ఎన్నిసార్లు తుడుస్తారు?

ఆ హాలు అచ్చిరాదన్నారు. రఘునాథపల్లి దగ్గర హైవే మీద వేరే హాలు మాట్లాడారు. నేను స్టేజీ ఎక్కే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ముహూర్తం వేళ మౌనిక నా కోసం వెతుకుతుంటే, కళ్ళు తిరిగి పడుకున్నానని చెప్పారట. నేను పడుకోలేదు. భోజనాల హాల్లో, మంచినీళ్ళ క్యాన్ల పక్కన నిలబడి, గోడకు పెట్టిన టీవీలో నా బిడ్డ మెడలో పుస్తె పడడం చూశాను.

తర్వాత ఒకసారి ఆ పాత హాలుకు వెళ్ళి అడిగాను. అలాంటి మనిషి తమ దగ్గర ఎప్పుడూ పనిచేయలేదన్నారు. నిద్ర పట్టనప్పుడు ఎన్ని విధాలుగా ఆలోచించినా నాకు అంతు చిక్కడం లేదు. ఆమె మనిషో మరేమిటో నేను చెప్పలేను. మా వాళ్ళంతా ఊరు ఊరంతా తిరిగి ఇంటింటికీ బొట్టు పెట్టి పెళ్ళికి పిలిచారు. నా బిడ్డ పెళ్ళికి నాకు బొట్టు పెట్టింది మాత్రం ఆమె ఒక్కతే.