మక్కచేలో పసుపు గీత

డ్రోన్ ఎగరేయడం నా పని. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల రైతులు పిలిస్తే వెళ్లి పంటకు మందు కొడతాను. ఆ ఏడు మక్క పూతకొచ్చాక వాన మొహం చాటేసింది. ఎక్కడెక్కడ ఎండుతోందో చూద్దామని, మహమ్మద్‌నగర్ దగ్గరున్న మా చేను మీద కెమెరా డ్రోన్ లేపాను.

పైనుంచి చూస్తే చేను నడుమ తాడు పట్టి గీసినట్టు ఒక పసుపు గీత. దాని చివర, పూడ్చేసిన మోటబావి ఉన్నచోట, గుండ్రంగా ముదురు పచ్చ మచ్చ. నేల మీద నిలబడితే రెండూ తెలియవు.

"గదేంది బాపూ?" పక్కనున్న నాన్నకు స్క్రీన్ చూపించాను.

బాపు ఒక్క చూపులో గుర్తుపట్టాడు. "పాత గట్టు. రాళ్లు తియ్యలే. మీద మట్టి గుంజిన, అంతే. గందుకే ఆడ ముందుగాల ఎండుతున్నది."

సిగ్గుపడలేదు.

గట్టుకు అవతలి భూమి పెద్దమ్మది, బాపు అన్న భార్యది. పెదబాపు చనిపోయిన ఏడే బాపు ఆ గట్టును చదును చేసి, ఆమె చేలోకి జరిపి కొత్తది పోశాడు. ఆమె పంచాయితీ పెట్టింది. "మొగడు పోయినంక మతి తప్పింది," అని బాపు అంటే పెద్దమనుషులు నవ్వారు. అప్పటినుంచి ఊళ్లో ఆమె పేరు గట్టుపిచ్చిది. చిన్నప్పుడు నేనూ అలాగే పిలిచి ఉరికేవాణ్ణి.

డ్రోన్ మోత విని పెద్దమ్మ కొత్త గట్టు దాకా వచ్చింది.

"పైకెళ్లి అన్ని కనవడ్తయంట గద బిడ్డా. నా గట్టు ఏడున్నదో జూడు."

బాపు నా భుజం నొక్కాడు. నేను స్క్రీన్ ఆమె ముందు పెట్టాను. నిజం చూపించడానికి కాదు. ఆమె కళ్లకు పొరలు కమ్మాయని నాకు తెలుసు.

ముక్కు తగిలేంత దగ్గరకు వంగి చాలాసేపు చూసింది. గీత సరిగ్గా ఆమె వేలి కిందే ఉంది.

"అంత పచ్చగనే ఉన్నది గద?"

"అవు పెద్దమ్మా. పాత గట్టు గిట్ట ఏం లేదు."

ఆమె మొహం వాడిపోయింది. బాపు వైపు తిరిగి చేతులు జోడించింది. "నేనే తప్పువడ్డ తమ్మీ. నీ మీద మన్నువోసి తిట్టిన. మాఫ్ జెయ్యి."

"సరే తియ్యి," అన్నాడు బాపు. "మక్క ఇరవనీకి కూలికి రా."

అన్నేళ్లుగా మా చేలో అడుగుపెట్టని మనిషి, కంకులు ఎండాక కూలికి వచ్చింది. తన భూమిలోనే కంకులు విరిచి మా కుప్పలో పోసింది. మధ్యాహ్నం నీళ్లిస్తే గటగటా తాగి, నా తల నిమిరింది.

"సల్లగుండు బిడ్డా. నువ్వు జూపెట్టినంక మనసు నిమ్మలమైంది."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. బాపు తర్వాత ఆ నేల నాకే వస్తుంది.