తోమాసు సారు గొడుగెత్తితే

పదిమందీ చూస్తుండగా తోమాసు సారు చేసిన ఆఖరి పని, కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్ మెట్ల మధ్యలో ఆగిపోవడం. పెళ్లి కింద, భోజనాలు పైన. లిఫ్టు ఆ రోజే మొరాయించింది. వెనక పెళ్లిజనమంతా ఆకలి మీద ఉన్నారు. సారు మెట్ల మలుపులో నిలబడి, ఎండైనా వానైనా చంక దిగని నల్లగొడుగును పైకెత్తి, "ఆగుండ్రి! గీ రెయిలింగు జర సూడుండ్రి" అన్నారు.

అది స్టీలు రెయిలింగు. ఊళ్లో ఏ హాలుకు పోయినా ఉండేదే. సారు దాని మీద చెయ్యి వేసి, ఇనుముకు తుప్పు ఎందుకు పడుతుంది, స్టీలుకు ఎందుకు పట్టదు అని మొదలుపెట్టారు.

"సారూ, మీద బగారన్నం ఒడుస్తున్నది!" అని వెనక నుంచి తోటి టీచరు లక్ష్మీరాజం మొత్తుకున్నాడు.

"అన్నం మల్ల వండుతరు లక్ష్మీరాజం. ఇది మల్ల దొరకదు."

సారుకు ఒక్క మెట్టు కింద నిలబడ్డ వినోద టీచర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరువాతి వారమే సారు పోయారు. ఎవరినీ ఆపకుండా, ఏమీ వివరించకుండా పోయారు. ఆయన జీవితంలో ఆయన స్వభావానికి విరుద్ధంగా చేసిన పని అదొక్కటేనని వినోద అనుకుంది. అప్పటికి ఆమెకు తెలిసింది అంతే.

సారు స్వభావమంటే ఆగడం. మనుషులకు బీపీ ఉన్నట్టు, షుగరు ఉన్నట్టు సారుకు ఆగడం ఉండేది. నాలుగడుగులు వేస్తే గొడుగు లేచేది. గొడుగు లేచిందంటే రాయో రప్పో నాచో చీమో, ఏదో ఒకటి ఆ రోజు పాఠమైపోయిందని అర్థం. భూటాన్ యాత్రలో ఆయనతో తిరిగిన టీచర్లు ఆయనకు 'ఆగుండ్రి సారు' అని పేరు పెట్టారు. ఎదురుగా పెట్టలేదు గానీ, ఆయనకు వినబడేంత దూరంలోనే పెట్టారు.

ఆ యాత్ర సంగతి చెప్పాలి. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు టీచర్లు కొందరు కలిసి సెలవుల్లో విజ్ఞానయాత్రలు పోయేవాళ్లు. సైన్సు టీచరుగా రిటైరైన తోమాసు సారు పెద్ద దిక్కు. ఆ ఏడు భూటాన్ అనుకున్నారు. జైనూర్‌లో సోషల్ చెప్పే వినోద అందరికంటే ముందు పేరిచ్చింది. దానికి కారణం ఒక క్యాలెండరు.

ఆమె క్లాసు గోడకు భూటాన్ బొమ్మ ఉన్న క్యాలెండరు ఒకటి వేలాడుతుండేది. నిట్టనిలువు కొండకు పిట్టగూడులా అతుక్కున్న బౌద్ధ ఆరామం. పులి గూడు అంటారు దాన్ని. ఏడాది అయిపోయినా బొమ్మ బాగుందని తీయలేదు. ఒకరోజు హర్షిణి అనే పిల్ల లేచి, "మేడం, గంత మీదికి సామాను ఎట్ల మోసిండ్రు?" అని అడిగింది.

"గాడిదల మీద," అంది వినోద, తోచింది చెప్పి.

"గాడిద నిలవడ జాగనే లేదు గద మేడం. మీరు పోయి సూసిండ్రా?"

గుట్టల్లో పుట్టిన పిల్లలకు గుట్ట గురించి అబద్ధం చెప్పకూడదు. "పోయి సూసొచ్చి చెప్త" అంది వినోద, క్లాసంతా వింటుండగా. హోంవర్కు మరిచిపోతారు గానీ ఇలాంటి మాట పిల్లలు చచ్చినా మరిచిపోరు. రోజూ హాజరు పిలవగానే హర్షిణి, "పోయిండ్రా మేడం?" అనేది.

కష్టమేమిటంటే వినోదకు ఆయాసం. పుట్టింది మరమగ్గాల ఇంట్లో. మగ్గాల పక్కనే నిద్ర, మగ్గాల పక్కనే చదువు, గాలి నిండా నూలుపోగులు. తన ఊపిరితిత్తులు విప్పితే రెండు లుంగీలకు సరిపడా నూలు దొరుకుతుందని ఆమె నమ్మకం. టూరు మేనేజరేమో, "ఆయాసం ఉన్నోళ్లు కొండ ఎక్కే రోజు హోటల్లనే ఉండాలె, నాకు జిమ్మేదారి వద్దు" అని ముందే చెప్పాడు. "నాకేం లేదు" అంది వినోద, రాయిలాంటి ముఖంతో. ఇన్‌హేలరును సకినాల డబ్బాలో అడుగున దాచింది. ఆ డబ్బా మూత ఎవరినీ ముట్టనివ్వలేదు. "సకినాల కాడ గింత పిసినారితనమేంది టీచరమ్మా" అని లక్ష్మీరాజం దారి పొడుగునా దెప్పుతూనే ఉన్నాడు.

భూటాన్‌లో దిగిన మొదటి రోజే, పారో ఊళ్లో గుట్ట మీది కోటకు ఎక్కాల్సి వచ్చింది. నాలుగడుగులకే వినోద రొమ్ములో మగ్గం ఆడటం మొదలైంది. ఆమె ఒక ఉపాయం చేసింది. ఫోను తీసి, ఒక కన్ను మూసి, లోయకు గురిపెట్టి నిలబడింది. ఊపిరి తిరిగాక ఇంకో నాలుగడుగులు. మళ్లీ ఫోను. నిజానికి ఆ ఫోను పొద్దున్నే చార్జింగ్ అయిపోయి చచ్చి ఉంది. నల్లటి అద్దంలో ఆమె ముఖమే ఆమెకు కనిపిస్తోంది.

"టీచరమ్మా, భూటాన్ మొత్తం ఫోన్ల వేస్కొని పోతవా ఏంది?" అన్నాడు లక్ష్మీరాజం.

అందరూ నవ్వారు. వెనక నుంచి తోమాసు సారు వచ్చి ఆమె భుజం మీదుగా ఫోనులోకి తొంగిచూశారు. "మంచిగొచ్చిందా వినోదమ్మా?"

"మస్తుగొచ్చింది సారూ."

"ఊఁ" అన్నారు సారు. ఆ తరువాతి మలుపులోనే గొడుగు మొదటిసారి లేచింది.

అప్పటినుంచి ఇక ఆపేవాళ్లు లేరు. దారి పక్కన ఐదు రంగుల ప్రార్థన జెండాలు ఉన్నాయి. సారు ఒక్కో రంగుకూ వివరణ ఇచ్చారు. తరువాతి మలుపులో మళ్లీ జెండాలు, మళ్లీ గొడుగు.

"గవ్వే జెండాలు గద సారూ!"

"జెండాలు గవ్వేనయ్యా. గాలి వేరే."

ఒకచోట నల్లరాయి కనిపించింది. లక్ష్మీరాజం తమ్ముడికి గ్రానైటు వ్యాపారం. "గిది గ్రానైటా సారూ?" అన్నాడు ఆశగా.

సారు ఆ రాయి చుట్టూ తిరిగి చూశారు. "ఇంక కాలే. అయితున్నది."

"ఎప్పటికైతది?"

"నువ్వు ఆగితే సూస్తవు."

"పోయినేడు సిక్కింల గీయన గిట్ల లేకుండె," అని లక్ష్మీరాజం అందరితో వాపోయేవాడు. "నోరు మెదపకుండ గుర్రమోలె ఉరికిండు. మేము సగం ఎక్కేవరకు ఆయన దిగొచ్చిండు. వయసు మీదవడ్డదో ఏమో, పాపం."

గైడు షెరింగ్ ఆ దేశపు పిల్లగాడు, మోకాళ్ల దాకా అంగీ లాంటి బట్ట కట్టేవాడు, హిందీలో మాట్లాడేవాడు. మొదట తన పని తోమాసు సారు లాక్కుంటున్నారని బాధపడ్డాడు. తరువాత హాయిగా కూర్చుని తమలపాకు నమలడం మొదలుపెట్టాడు. అతను నేర్చుకున్న మొదటి తెలుగు మాట 'ఆగుండ్రి'. దాన్ని నమస్కారం లాంటిదనుకుని, ఎదురైన బెంగాలీ యాత్రికులకు కూడా చెప్పి నిలబెట్టేశాడు.

సారు నోరు కట్టేసుకున్నది ఒక్కచోటే. పునాఖా దగ్గర పొలాల మధ్య చదును బాటలో ఒక పల్లె ఉంది. అక్కడ దిష్టి తగలకుండా ఇళ్ల గోడల మీద మగవాడి అంగం బొమ్మ నిలువెత్తున, రంగులు వేసి, రిబ్బను కట్టి మరీ గీస్తారు. ఆ రోజు టీచర్లంతా తమంతట తామే ఆగారు. అందరూ సారు వైపు తిరిగారు. గొడుగు లేవలేదు.

"సారూ, గీ గోడ మీద గదేంది? జర చెప్పుండ్రి," అన్నాడు లక్ష్మీరాజం, లోకంలోని అమాయకత్వమంతా ముఖాన పులుముకుని.

"నడువుండ్రి, నడువుండ్రి! ఎండ ముదురుతున్నది!" అని సారు తల దించుకుని ఉరికారు. ఆ చదును బాటంతా ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ వేగం చూసి అందరూ కడుపు పట్టుకుని నవ్వారు.

చివరికి పులి గూడు ఎక్కే రోజు వచ్చింది. పొద్దున్నే కొండ కింద నిలబడి తల ఎత్తి చూస్తే క్యాలెండరు బొమ్మ ఆకాశంలో వేలాడుతోంది. వినోదకు ఎక్కకముందే ఆయాసం వచ్చింది. పూర్వం ఒక గురువు ఆడపులి మీద అక్కడికి ఎగిరొచ్చాడని షెరింగ్ చెప్పాడు. "పులి మీద వచ్చినాయనకేం ఫికరు," అని నిట్టూర్చాడు లక్ష్మీరాజం.

ఎక్కడం మొదలైంది. చెట్టు దగ్గర గొడుగు, బండ దగ్గర గొడుగు. యాత్రికులను సగం దూరం మోసే గుర్రాల పేడ దగ్గర కూడా గొడుగే. గడ్డి పేడగా మారే క్రమాన్ని సారు మొత్తం వివరించారు. సగం దూరంలో ఉన్న చాయ్ హోటల్ దగ్గరికి వచ్చేసరికి తిరుగుబాటు లేచింది.

"సారూ, మీకు దండం పెడత. మేం పోతం," అన్నాడు లక్ష్మీరాజం. "గిట్ల ఆగుకుంట పోతే మనం పైకి చేరేవరకు బుద్ధుడు మల్ల పుడతడు." షెరింగును పట్టుకుని అందరూ ముందుకు కదిలారు.

వినోద కదలలేదు. కదలలేకపోయింది. "మీరు గూడ పోండ్రి సారూ. నేను నిమ్మళంగ ఫోటోలు తీస్కుంట వస్త."

"నేను పోతే ఎవలికి చెప్పాలె వినోదమ్మా? వినేటోళ్లంత పరారైండ్రు. నువ్వొక్కదానివే చిక్కినవు. నిన్ను విడువ."

ఖర్మ, అనుకుంది వినోద. కానీ ఆ ఖర్మ ఎంత కలిసివచ్చేదో! సారు నాచు గురించి చెబుతుంటే ఆమె ఊపిరి పీల్చుకునేది. నాచు అయిపోయేసరికి రొమ్ములో మగ్గం ఆగేది. దేవుడు తనను దాటించడానికే ఈ వాగుడుకాయ మనిషిని పుట్టించాడని ఆమెకు అనిపించింది. ఆఖరున జలపాతం దాకా దిగి మళ్లీ ఎక్కే రాతిమెట్లు వచ్చాయి. అక్కడ చెట్టు లేదు, నాచు లేదు, పేడ కూడా లేదు. అయినా గొడుగు లేచింది.

"గీ మెట్టు సూడు వినోదమ్మా."

"ఏమున్నది సారూ గీంట్ల?"

సారు ఆ మెట్టును కిందికీ మీదికీ చూశారు. చాలాసేపు వెతికారు. "ఏమున్నదంటే... ముందటి మెట్టుకు ఇది అన్న."

వినోద పడీపడీ నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది. ఆయాసం వచ్చిందని, ఆ మెట్టుకు చెల్లెలు కూడా ఉంటుందని సారు ఇంకాసేపు చెప్పారు.

పైన ద్వారం దగ్గర మిగతావాళ్లు చలికి వణుకుతూ నిలబడి ఉన్నారు. బృందమంతా కలిసి వస్తేనే లోపలికి తీసుకుపోతానని షెరింగ్ పట్టుబట్టాడట. "సారూ," అన్నాడు లక్ష్మీరాజం పళ్లు టకటక కొట్టుకుంటుంటే, "బుద్ధుడు గూడ ఎవల కోసం గింతసేపు కూసోలే."

"తప్పు నాదే. నా ముచ్చట్లల్ల వడి వినోదమ్మను గూడ ఆపిన," అన్నారు సారు, గొడుగు ముడిచి తల వంచి. అందరూ కలిసి ఆయనను తిట్టారు. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు.

లోపల నేతిదీపాల ముందు సారు చేతులు కట్టుకుని, ఆదివారం చర్చిలో నిలబడ్డట్టే నిలబడ్డారు. వినోద కిటికీలోంచి కిందికి చూసింది. తిరిగొచ్చాక, సెలవులైపోయి బడి తెరవగానే హర్షిణి హాజరు పిలవకముందే లేచి, "సామాను ఎట్ల మోసిండ్రు మేడం?" అంది. "ఆగుకుంట ఆగుకుంట మోసిండ్రు బిడ్డా," అని చెప్పింది వినోద. ఆ జవాబు హర్షిణికి నచ్చింది.

సారు పోయాక, జ్ఞాపకార్థ కూడికలవీ అయ్యాక, వినోద ఒకరోజు వాళ్లింటికి పోయింది. తలుపు వెనక మేకుకు గొడుగు వేలాడుతోంది. సారు భార్య ఎలీసబెతు చాయ్ తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇల్లు సప్పుడు లేకుంట అయ్యింది గదక్కా," అంది వినోద. "సారు ఉంటె ఆ ముచ్చట్లు..."

"ఎవల ముచ్చట్లు?"

"సారువి."

"ఏ సారువి?" ఎలీసబెతు నిజంగానే అర్థం కాక చూసింది. "మా తోమాసువా? ఆయనకు ముచ్చట్లెక్కడియే? బడిల పాఠం ఒక్కటే. గంట కొట్టంగనే నోటికి తాళం. ఇంట్ల నాతోని 'ఊఁ', 'ఆఁ', 'ఉప్పు', గంతే. మా పెండ్లిల పాస్టరుగారు సమ్మతమేనా అంటె తలకాయ ఊపిండు. నోటితోని చెప్పాలె నాయనా అని ఆ పాస్టరు బతిమాలుకున్నడు. నలుగురిల మాట్లాడుడంటె ఆయనకు చెమటలు వడుతుండె."

వినోదకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. సిక్కింలో గుర్రంలా ఉరికిన మనిషి. పునాఖా చదును బాటలో ఒక్కసారి కూడా లేవని గొడుగు. ఫంక్షన్ హాల్లో తాను ఒక్క మెట్టు కింద, స్టీలు రెయిలింగు.

"భూటాన్ సంగతి ఏమన్న చెప్పిండా అక్కా?"

"ఒక్కటే చెప్పిండు. 'వినోదమ్మ మస్తు ఫోటోలు తీసింది, ఒక్కటి గూడ రాలే' అని. చెప్పి ఒక్కడే నవ్వుకున్నడు. గంతే." ఎలీసబెతు ఖాళీ గ్లాసులు దగ్గరికి జరుపుకుంటూ, ఏదో గుర్తొచ్చి ఆగింది. "అక్కడికెల్లి వచ్చినంక మాత్రం వారం దినాలు పొద్దుమాపు ఉప్పునీళ్లు పుక్కిలించిండు. గొంతు మొత్తం పుండైపోయింది. ఎట్లయ్యిందయ్యా అంటె చెప్పడు. అక్కడ మస్తు సలి ఉంటదా వినోదా?"

"ఉంటదక్కా," అంది వినోద, తలుపు వెనక గొడుగు వైపు చూస్తూ. "మస్తు సలి."