ప్రమీల బోర్డుకు నేను పెట్టిన బొట్టు

మా అన్న హాతీరాం కూతురు ప్రమీల చిన్నప్పటి నుంచీ ఎవరి మాటా ఊరికే నమ్మే రకం కాదు. తొమ్మిదేళ్ల వయసులో వాళ్ల నాన్నకు సద్దిమూట నాతో పంపేది. ఆ మూటకు తనకే వచ్చిన ముడి ఒకటి వేసేది. అది ఎలా ఉండాలో నాన్నకు ముందే చెప్పి పెట్టేది. దారిలో నేను మూట విప్పి, ఒక కూర ముక్క నోట్లో వేసుకుని, మళ్లీ అచ్చం అలాగే కట్టాననుకునేవాణ్ని. సాయంత్రానికల్లా తండా అంతా నన్ను చూసి నవ్వేది.

మాది చండ్రుగొండ దగ్గర తండా. నేను ఐదో తరగతిలో బడి మానేసి, ముప్పై ఏళ్లుగా జామాయిల్ తోటలు నరుకుతున్నాను. ఇప్పుడు నడుము వంగితే లేవదు, లేస్తే వంగదు. ప్రమీల గురుకులంలో చదివింది, కొత్తగూడెంలో పాలిటెక్నిక్ చేసింది, హైదరాబాద్‌లో ఆరేళ్లు కంప్యూటర్లు బాగుచేసింది. తర్వాత తిరిగొచ్చి, మిరపకాయ బస్తాలు వేసుకునే మా రేకుల గదిలో బల్ల వేసుకుంది. ఆ ఘాటుకు రోజంతా తుమ్ముతూనే పని చేస్తుంది. ఫోన్లో మాట్లాడే బయటిదేశాల వాళ్లు, ఈ పిల్లకు జలుబు ఎప్పుడు తగ్గుతుందని అడుగుతుంటారట.

ఆమె పనేమిటని ఒకరోజు అడిగాను. కంప్యూటర్ స్విచ్ నొక్కగానే అన్నింటికంటే ముందు ఒక చిన్న ప్రోగ్రాం నిద్ర లేస్తుంది. దాన్ని బూట్ లోడర్ అంటారు. అది తన తర్వాతి దాన్ని లేపుతుంది, అది ఇంకోదాన్ని లేపుతుంది. ప్రమీల పని చేసే బూట్ లోడర్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా తెరిచి చూడొచ్చు, దిద్దొచ్చు. కాకపోతే దిద్దింది బాగుందని దాని పెద్దలు ఒప్పుకోవాలి. దానికి సెక్యూరిటీ చిప్‌తో మాట్లాడటం నేర్పడమే ఈమె పని. లేచే ప్రతి ప్రోగ్రాం ఆనవాలు ఆ చిప్ దాచుకుంటుంది. మధ్యలో ఎవరైనా వేలు పెట్టి ఏదైనా మార్చితే ఆనవాలు కుదరదు, లోపలి తాళం తెరుచుకోదు.

“సద్దిమూట ముడి అసొంటిదే కాకా. ముక్క తిన్నోడు దొరికిపోతడు,” అంది.

ఎనిమిది నెలలు రాసింది. ఆరుసార్లు పంపితే ఆరుసార్లూ దిద్దమని తిప్పి పంపారు. దసరా దాటాక వచ్చే శనివారం ఆఖరి గడువు. అప్పటికల్లా నిజమైన చిప్ మీద నడిపి చూపించాలి. లేకపోతే ఇంకెక్కడో ఒకాయన రాసిందే తీసుకుంటారు. ఎనిమిది నెలల పని పక్కన పడుతుంది.

దసరా గురువారం వచ్చింది. మనకు అన్నం పెట్టే ప్రతిదానికీ బొట్టు పెట్టమని ప్రమీల వాళ్లమ్మ సోమ్లి వదిన పసుపు, కుంకుమ గిన్నెలు నా చేతికిచ్చింది. గొడ్డళ్లకు పెట్టాను. మందు కొట్టే పంపుకు, కుట్టు మిషన్‌కు, బండికి పెట్టాను. రేకుల గదిలోకి పోతే ల్యాప్‌టాప్ కనిపించింది, మూత మీద పెట్టాను. దాని పక్కనే అరచేతంత ఆకుపచ్చ బోర్డు, వైర్లు తగిలించి, పైన మూత లేకుండా ఉంది. దాని మీద గోరంత నల్ల ముక్క. ప్రమీల చూపించిన కాపలా చిప్ అదేనని గుర్తుపట్టాను. ఇంత పని చేసేదానికి చుక్క పెట్టి వదిలేస్తే బాగుండదని, పసుపు దట్టంగా పూసి, కుంకుమ పెట్టి, నాలుగు చుక్కల నీళ్లు కూడా చల్లాను.

ప్రమీల చండ్రుగొండ నుంచి మాంసం తెచ్చి, చేతులు కడుక్కుని స్విచ్ వేసింది. తెర మీద ఒక్క వరుస వచ్చి ఆగిపోయింది. ఎంతసేపు చూసినా కదల్లేదు. అప్పుడు వంగి బోర్డు చూసింది.

“ఏంది కాకా గిది?”

“పండుగ గదా బిడ్డా. దాన్నొక్కదాన్ని ఇడిసిపెడితే మంచిగుంటదా?”

గుమ్మంలో నిలబడ్డ వదిన అందుకుంది. “నీ గొడ్డలికే సక్కగ పెట్టరాదు నీకు. దాని కాడికెందుకు పోయినవ్?”

ఇంకో చిప్ హైదరాబాద్ నుంచి రావాలంటే సోమవారం దాటుతుంది. ప్రమీల స్పిరిట్ సీసా, దూది పుల్ల తెచ్చుకుని కూర్చుంది. ఊరుకోలేక, ఆ మిషన్ ఇప్పుడు ఏం చేస్తోందని అడిగాను. చిప్‌ను పిలిచి జవాబు కోసం చూస్తోందని చెప్పింది.

“ఎంతసేపు చూస్తది?”

“వచ్చేదాక.”

“రాకుంటే?”

ఆమె దూది పుల్ల స్పిరిట్‌లో ముంచింది. మా పద్ధతి చెప్పాను. చెట్టుకు చివరి దెబ్బ వేసే ముందు, అవతల తాడు లాగేవాణ్ని కేకేస్తాం. వాడు పలికితేనే దెబ్బ పడాలి. మూడు కేకలకు పలకకపోతే గొడ్డలి కింద పెట్టి, మేస్త్రికి చెప్పి, పోయి చూస్తాం.

“గట్లనే నిలబడితే పొద్దు గూకుతది బిడ్డా. మా ముఠాల ఎవ్వడు గట్ల నిలబడడు.”

ఆమె స్పిరిట్ సీసా మూత పెట్టేసింది.

“తుడువకుండ్రి. ఎవ్వరు ముట్టకుండ్రి దాన్ని.”

తర్వాత నెమ్మదిగా చెప్పింది. చిప్ పలుకుతుందనే నమ్మకంతోనే ఇంతకాలం రాసిందట. రేపు ఏ దవాఖానాలోనో ఆ చిప్ పాడైతే మిషన్ అలాగే కొయ్యబారిపోతుంది, ఎందుకో కూడా చెప్పదు. ఆరుసార్లు తిప్పి పంపినవాళ్లకూ అది కనపడలేదు. ఎవరినీ నమ్మని పిల్ల చిప్‌ను ఎలా నమ్మిందో నాకూ అర్థం కాలేదు. ఆరోజు ఆమె మాంసం ముట్టలేదు. ఆమె వంతు నేనే తిన్నాను, తప్పు చేసినవాడికి ఆకలి తగ్గాలని ఎక్కడా లేదు.

రాత్రంతా కూర్చుని మా మూడు కేకల పద్ధతి ప్రోగ్రాంలో రాసి, శుక్రవారం మధ్యాహ్నం చిప్ మీద పసుపు అలాగే ఉంచి నడిపింది. మిషన్ చిప్‌ను మూడుసార్లు పిలిచింది, కాసేపు చూసింది, చిప్ పలకడం లేదని తెర మీద రాసింది. తాళం మాత్రం తెరవకుండా, తన దారిన తాను లేచింది. ప్రమీల మొహంలోకి అప్పుడు మళ్లీ కళ వచ్చింది.

ఇక చిప్ బతికుందో లేదో తేలాలి. స్పిరిట్‌తో తుడిచి స్విచ్ వేసింది. పలకడం లేదనే రాసింది. మళ్లీ తుడిచింది, మళ్లీ అదే. వదిన కూతుర్ని లేపి తాను కూర్చుంది. తన పాత వెండి నగలు తోమే మెత్తటి బ్రష్ తెచ్చి, స్పిరిట్‌లో ముంచి, చిప్ కాళ్ల సందుల్లో పట్టిన పసుపు మొత్తం ఊడ్చేసింది. తర్వాత గంటసేపు నీరెండలో పెట్టి, కోళ్లు రాకుండా కట్టె పట్టుకుని నన్ను కూర్చోబెట్టింది. ఆ గంట నేను గుర్తున్న దేవుళ్లందరినీ పిలిచాను.

ఈసారి చిప్ మొదటి పిలుపుకే పలికింది. ప్రమీల సాయంత్రానికి అంతా పంపేసింది.

శనివారం మధ్యాహ్నం నేను, నాకు తాడు లాగే జోడీ కోటేష్ తోటలో ఉన్నాం. ప్రమీల బండి మీద వచ్చింది. చిప్ పలకనట్టు ఎలా చేసి చూశావని ఆ బూట్ లోడర్ పెద్దల్లో ఒకాయన మెయిల్ రాశాడట. పండుగ పసుపు అని ఉన్నదున్నట్టు చెప్పేసిందట.

“తీసుకున్నరు కాకా. నీ పేరు గూడ ఎక్కింది అండ్ల. తప్పు ఎవరు పట్టిచ్చిండ్రో వాళ్ల పేరు రాసుడు గక్కడి పద్ధతి. బానోత్ బిచ్యా అని రాసిన.”

ఫోన్లో చూపించింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను, నా పేరే.

కోటేష్ కూడా తొంగిచూశాడు. “మరి తప్పు చేసినోళ్ల పేరు రాయరా అక్కా?”

“గా పేరు నాదే. గదిగూడ ఉన్నది, కాక పేరుకు పైన.”

కోటేష్ తాడు అందుకున్నాడు. ఇంకా రెండు వరుసల చెట్లు మిగిలి ఉన్నాయి.